పుస్తకాలు మార్చుకుని ఆడండి

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను అమెరికా అనుభవాలు చెప్పమన్నారు. పాతికేళ్ల పైబడి అక్కడ యంత్రాల లెక్కలు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నా అనుభవాలంటే చలికాలంలో మంచు తవ్వడం, ఏప్రిల్‌లో పన్నులు కట్టడం. అవి మీకెందుకు? అందుకని ఒక ఆట గురించి చెబుతాను. పాచికలు వేసి బల్ల మీద ఆడే బేస్‌బాల్ ఆట. నేనూ మావాడూ రెండు చలికాలాలపాటు ఆ ఆటకు మరమ్మతులు చేశాం. స్వర్ణోత్సవానికి పిలిస్తే ఇదేం సంగతని మీరనుకోవచ్చు. కానీ ఆ మరమ్మతుకు కావలసిన సూత్రం నాకు దొరికింది అమెరికాలో కాదు, ఈ బడిలో, ఎనిమిదో తరగతి గది ఆఖరి బెంచీలో. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

బుక్ క్రికెట్ ఆడనివాళ్లెవరైనా ఉంటే చేతులెత్తండి. చూశారా, టీచర్ల వరసలో కూడా ఒక్క చెయ్యీ లేవలేదు. ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను. పుస్తకం మూసి, కళ్లు మూసుకుని తెరవాలి. ఎడమ పేజీ నంబరులో చివరి అంకె చూడాలి. రెండైతే రెండు పరుగులు, నాలుగైతే ఫోరు, ఆరైతే సిక్సు. ఎనిమిదైతే ఒక్క పరుగు. సున్నా వస్తే అవుట్. బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, ఎండలో నిలబడక్కర్లేదు. కావలసిందల్లా ముందు బెంచీలో కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లాడు. వాడి వీపు చాటున ఎన్ని టెస్టు మ్యాచులైనా ఆడుకోవచ్చు.

నా పక్కన కూర్చునేవాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను, చెబితే భోజనాల దగ్గర నా ఆకు లాగేస్తాడు. వాడి సాంఘికశాస్త్రం పుస్తకం మొదట వాళ్ల పెద్దన్నయ్యది, తర్వాత చిన్నన్నయ్యది, ఆ తర్వాత వాడిది. మూడు చేతులు మారి, కుట్టు ఊడి, నడుము విరిగిన పుస్తకం. అది ఎలా తెరిచినా విరిగిన చోటే తెరుచుకునేది. ఆ పేజీ చివరి అంకె ఆరు! నాది ఆ ఏడాదే కొన్న పుస్తకం. బ్రౌను అట్ట, దానిమీద పేరు రాసిన చీటీ. బిగువు తగ్గలేదు కనక ఎక్కడ పడితే అక్కడ తెరుచుకునేది. నేను 12కో 18కో అవుటయ్యేవాణ్ణి. వాడు 200 నాటౌట్. నేను మోసమన్నాను. వాడు "చెయ్యి తిరగాలిరా" అన్నాడు. మాట మీద మాట పెరిగి కాలర్లు పట్టుకునేసరికి లెక్కల మాస్టారు గదిలోకి వచ్చారు.

ఆయన ఇవాళ మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో. మీరు మమ్మల్ని లేపి నిలబెట్టి సంగతేమిటని అడిగారు. రెండు పుస్తకాలూ తీసుకుని చెరో నాలుగుసార్లు తెరిచి చూశారు. తర్వాత ఒక్క మాట అన్నారు: "పుస్తకాలు మార్చుకుని ఆడండ్రా. ఆడేది వాడో, వాడి పుస్తకమో తేలిపోతుంది."

క్లాసంతా చూస్తుండగా మార్చుకుని ఆడాం. వాడి పుస్తకంతో నేను వంద దాటాను. నా పుస్తకంతో వాడు 14కి అవుట్. మాస్టారు నవ్వారు. నవ్వాక ఇద్దరి చెవులూ మెలేశారు, ఆ బాకీ మాత్రం ఉంచుకోలేదు.

ఇక అసలు ఆట సంగతి. ఉద్యోగం కోసం నేను డెన్వర్ వెళ్లాను. కొండల పక్కన ఊరు, సముద్ర మట్టానికి ఒక మైలు ఎత్తున ఉంటుంది. అక్కడి బేస్‌బాల్ జట్టు పేరు రాకీస్. 1995లో కట్టిన వాళ్ల మైదానం కూర్స్ ఫీల్డ్. దాని పై అంతస్తులో అన్నీ ఆకుపచ్చ కుర్చీలే, ఒక్క వరస మాత్రం ఊదారంగులో ఉంటుంది. సరిగ్గా 5,280 అడుగుల ఎత్తు, అంటే మైలు ఎత్తు, ఎక్కడ వస్తుందో చెప్పడానికి ఆ గుర్తు. మావాడికి ఏడెనిమిదేళ్లప్పుడు మొదటిసారి తీసుకెళ్తే వాడు పరుగులు లెక్కపెడుతూ కూర్చున్నాడు, నేను ఆ వరస చూస్తూ కూర్చున్నాను.

బేస్‌బాల్ తెలియనివాళ్లకు రెండే ముక్కలు చెబుతాను. మన బౌలరులాంటివాడు పిచర్, మన సిక్సులాంటిది హోమ్ రన్. కొట్టిన బంతి గాల్లోనే కంచె దాటాలి. మైదానం లోపలి భాగం కొలతలు అంగుళం తేడా లేకుండా అన్ని ఊళ్లలోనూ ఒకటే. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 90 అడుగులు. పిచర్ నిలబడే చోటుకూ బ్యాటర్‌కూ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. కానీ కంచె ఎంత దూరంలో ఉండాలి, ఎంత ఎత్తుండాలి అనే దగ్గరికొచ్చేసరికి ఊరికో తీరు. మన క్రికెట్‌లోనూ పిచ్ 22 గజాలే, బౌండరీ మాత్రం కాస్త అటూ ఇటూ ఉంటుంది. బేస్‌బాల్‌లో ఆ తేడా మరీ ఎక్కువ.

బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ ఉంది. 1912 నాటిది. స్థలం చాలక ఎడమవైపు కంచె 310 అడుగుల దగ్గరే ఆగిపోయింది. దగ్గరగా ఉందని అక్కడ 37 అడుగుల ఎత్తు గోడ లేపారు. ఆకుపచ్చ రంగు వేస్తే దానికి ఆకుపచ్చ భూతమని పేరొచ్చింది. ఇంకో ఊళ్లో ఫీల్డరు చేతిలో పడే మెల్లటి గాలిబంతి ఇక్కడ గోడ దాటి హోమ్ రన్ అవుతుంది. ఇంకో ఊళ్లో కంచె మీంచి దూసుకుపోయే గట్టి దెబ్బ ఇక్కడ గోడకు కొట్టుకుని కింద పడుతుంది. అంటే ఒకే గోడ ఒకడికి వరం, ఇంకొకడికి శాపం.

న్యూయార్క్ పాత యాంకీ స్టేడియంలో కుడివైపు కంచె దగ్గర, ఎడమ మధ్య భాగం 450 అడుగులకు పైనే. ఎడమచేతివాటం వాళ్లకు అది పండగ. జో డిమాజియో అనే మహా ఆటగాడు కుడిచేతివాటం. జీవితంలో 361 హోమ్ రన్లు కొట్టాడు. అందులో సొంత మైదానాల్లో 148, బయట 213. ఎవరైనా సొంత ఊళ్లో ఎక్కువ కొడతారు కదా, ఆయనకు మాత్రం సొంత మైదానమే అడ్డు నిలిచింది.

మా డెన్వర్‌లో గోడతో కాదు, గాలితో పేచీ. అక్కడి గాలి సముద్ర తీరంలో కంటే దాదాపు ఐదో వంతు పలచన. తీరంలో 400 అడుగులు వెళ్లే బంతి అక్కడ ఇంకో 20 అడుగులదాకా సాగుతుంది. పిచర్ తిప్పే బంతి సరిగా తిరగదు, ఎందుకంటే బంతి తిరగడానికి గాలి ఆనాలి. హోమ్ రన్లు తగ్గుతాయని కంచె దూరంగా పెట్టారు. అప్పుడు మైదానం విశాలమైపోయి, ఫీల్డర్ల మధ్య బంతి పడే చోటు పెరిగింది. ఒక కన్నం మూస్తే ఇంకో కన్నం. ఇంజనీర్లకు ఈ బాధ కొత్తది కాదు. పైగా పొడిగాలికి బంతి ఎండి, గట్టిపడి ఇంకా బాగా ఎగిరేది. ఆ మైదానంలో పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒకాయన, వేటకు వెళ్లినప్పుడు తన తోలు బూట్లు ఎండి బిగుసుకుపోవడం చూసి, బంతి మీదా తోలే కదా అనుకున్నాడు. 2002 నుంచి అక్కడ బంతుల్ని తేమ గదిలో దాచి ఆటకు ఇస్తున్నారు. హోమ్ రన్లు తగ్గాయి. 2022 నుంచి పెద్ద లీగులోని 30 మైదానాలలోనూ ఈ గదులు వచ్చాయి. ఒక మనిషి తన కాలి బూటు చూసి కనిపెట్టిన సంగతి అది.

ఇప్పుడు బల్ల మీది ఆట. స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అని దాని పేరు. హాల్ రిచ్‌మన్ అనే ఆయన 11 ఏళ్ల వయసులోనే దానికి నమూనా తయారుచేసుకుని, పెద్దయ్యాక 1961లో అమ్మకానికి పెట్టాడు. అసలు మైదానంలో ఆడే ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. వాడు ఆ ఏడాది ఎలా ఆడాడో అదే కార్డు మీద గళ్లుగా మారుతుంది. మూడు పాచికలు వేస్తాం. ఒక పాచిక నిలువు వరస చెబుతుంది. ఒకటి, రెండు, మూడు పడితే బ్యాటర్ కార్డు చూడాలి. నాలుగు, అయిదు, ఆరు పడితే పిచర్ కార్డు చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఏ గడి అన్నది చెబుతుంది. మొత్తం 216 అవకాశాలు. సగం బ్యాటర్ చేతిలో, సగం పిచర్ చేతిలో. దీన్ని కనిపెట్టినాయన చదువుకున్న బడిలో కూడా ఆఖరి బెంచీ ఉండే ఉంటుంది.

మావాడికి పదేళ్లప్పుడు, వీధిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్ముతుంటే రెండు డాలర్లకు ఆ పెట్టె కొన్నాను. 1995 నాటి కార్డులు. మైదానాల తేడా చూపించే కాగితం అందులో లేదు, ఎప్పుడో పోయింది. దాంతో మా బల్ల మీద బోస్టన్ ఒకటే, న్యూయార్క్ ఒకటే, డెన్వర్ ఒకటే. ఎక్కడ ఆడినా ఒకే మైదానం. నాలుగు రోజులు ఆడాక మావాడు అన్నాడు: "నాన్నా, ఇది మన ఊరిలా లేదు. మన ఊళ్లో బంతి ఎగురుతుంది కదా, ఇక్కడ ఎగరడం లేదు."

సరే, ఎగిరేలా చేద్దామని కూర్చున్నాం. మొదటి మరమ్మతు చాలా తేలిగ్గా చేశాం. డెన్వర్‌లో ఆట అయితే, గాలిలో లేచి క్యాచయ్యే కొన్ని గళ్లకు ఇరవై ముఖాల పాచిక ఇంకోసారి వేయాలి. చిన్న సంఖ్య పడితే క్యాచు కాదు, హోమ్ రన్. మావాడి ఆనందం అంతా ఇంతా కాదు. రాకీస్ జట్టు ఒక్కో ఆటలో పది, పన్నెండు పరుగులు. చలికాలమంతా ఆడి ఆ ఏడాది ఆటలన్నీ పూర్తి చేశాం. 1995లో ఆటగాళ్ల సమ్మె వల్ల సీజను 144 ఆటలకు కుదించారు, అది మాకు కలిసొచ్చింది.

లెక్క చూస్తే ఏదో తేడాగా ఉంది. ఆ ఏడాది డాంటే బిషెట్ అనే రాకీస్ బ్యాటర్ అసలు మైదానంలో 40 హోమ్ రన్లు కొట్టి తన లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. మా బల్ల మీద యాభై దాటేశాడు. ఒక్కడైతే అదృష్టమనుకోవచ్చు. జట్టు జట్టంతా అలాగే పెరిగింది. మావాడు "బాగుంది కదా నాన్నా" అన్నాడు. కానీ వంతెన లెక్కలో పదో వంతు ఎక్కువొస్తే బాగుందని వదిలేసే వృత్తి కాదు నాది.

రెండు రాత్రులు తల పట్టుకున్నాను. మూడో రాత్రి అసలు లెక్కల్లో ఒక వరస కంటబడింది. బిషెట్ కొట్టిన 40లో సొంత మైదానంలో 31, బయట 9. అప్పుడు వెలిగింది. ఆ కార్డు తయారుచేసింది 40 చూసి. ఆ 40లో డెన్వర్ గాలి అప్పటికే కలిసి ఉంది! ఉప్పేసిన పులుసులో నేను మళ్లీ ఉప్పేస్తున్నాను. మా మిత్రుడి పుస్తకం గుర్తొచ్చింది. వాడి 200 పరుగులు చూసి వాడికో కార్డు చేసి, ఆ కార్డుతో వాణ్ణి మళ్లీ ఆ విరిగిన పుస్తకంతోనే ఆడిస్తే ఎలా ఉంటుంది? అదీ నేను చేసిన పని.

మరి మైదానం వాటా ఎంతో తెలిసేదెలా? మాస్టారు చెప్పినట్టే. పుస్తకాలు మార్చుకుని ఆడాలి. బేస్‌బాల్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంది, ప్రతి జట్టూ సగం ఆటలు సొంత ఊళ్లో, సగం బయట ఆడుతుంది. రాకీస్ సొంత మైదానంలో ఆడిన ఆటల్లో రెండు జట్లూ కలిపి ఆటకు ఎన్ని హోమ్ రన్లు కొట్టాయో చూడాలి. అదే రాకీస్ బయట ఆడిన ఆటల్లో రెండు జట్లూ కలిపి ఎన్నో చూడాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది మైదానం గుణకం. రెండు జట్లవీ ఎందుకు కలపాలంటే, రాకీస్ మంచి బ్యాటర్లు కావచ్చు. కానీ ఆ మంచి బ్యాటర్లు రెండు చోట్లా ఉన్నారు కనక భాగహారంలో వాళ్ల గొప్ప కొట్టుకుపోతుంది, మిగిలేది నేల గొప్పే. ఒక్క ఏడాది చూస్తే గాలివాటం లెక్కలొస్తాయని మూడేళ్లవి తీసుకున్నాం. కుడిచేతివాటానికి ఒకటి, ఎడమచేతివాటానికి ఒకటి, వేరువేరుగా వేశాం. బోస్టన్ గోడ చూశాక ఒకే అంకెతో సరిపెట్టలేం కదా.

గుండ్రటి అంకెలతో చూపిస్తాను. ఒక మైదానం గుణకం ఒకటిన్నర అనుకోండి. ఒక బ్యాటర్ ఎక్కడా కొమ్ముకాయని మైదానాల్లో ఆడితే 16 కొడతాడు, అంటే అరసీజనుకు 8. బయట 8 కొట్టాడు, సొంత ఊళ్లో ఒకటిన్నర రెట్లు, 12. మొత్తం 20. కార్డు 20కి తయారైంది. నేను మొదట చేసిన పద్ధతిలో ఈ 20ని సగం చేసి, సొంత ఊళ్లో 10ని ఒకటిన్నరతో గుణించాను. 15, బయట 10, మొత్తం 25! అయిదు హోమ్ రన్లు ఎవరూ కొట్టకుండానే పుట్టాయి. సరైన పద్ధతి ముందు 20లోంచి మైదానం వాటా తీసి 16కి దించి, అప్పుడు ఒక్కో ఊళ్లో ఆ ఊరి గుణకం కలపడం. వాడు సగం ఆటలే అక్కడ ఆడతాడు కనక భాగించవలసింది ఒకటిన్నరతో కాదు, ఒకటీ పావుతో.

పాచికల్లోకి దాన్ని ఇలా దించాం. 20లో 16 అంటే ఇరవై ముఖాల పాచికకు అచ్చంగా సరిపోతుంది. ఆ గుణకమున్న జట్టు బ్యాటర్ బయటి ఊళ్లో ఆడుతూ తన కార్డు మీద హోమ్ రన్ గడి మీద పడితే ఇరవై ముఖాల పాచిక వేయాలి. 1 నుంచి 16 వరకు హోమ్ రన్. 17 నుంచి 20 అయితే కంచె దగ్గర క్యాచ్. సొంత ఊళ్లో అయితే హోమ్ రన్లన్నీ నిలుస్తాయి. వాటికి తోడు, కార్డు మీద క్యాచ్ గడి ఒకటి ఎంచి, అయిదో వంతు హోమ్ రన్లు అదనంగా వచ్చేలా దానికో సంఖ్య రాశాం. నెలరోజులు వంటింటి బల్ల మీద పెన్సిలు, రబ్బరు, కార్డులు. మా ఆవిడ ఆ నెలంతా మాకు అన్నం సోఫాలోనే పెట్టింది.

అంతా అయిందనుకున్న రోజు మావాడు అడిగాడు: "నాన్నా, మరి మన పిచర్లో?"

నిజమే. నేను బ్యాటర్ల కార్డులే దిద్దాను. వాళ్లను ఏ గాలి పైకెత్తిందో, పిచర్లను అదే గాలి కిందికి తోసింది. ఆ ఏడాది డెన్వర్ పిచర్ల కార్డులు చూస్తే వీళ్లను ఎవడు తీసుకున్నాడురా అనిపిస్తుంది. అందులో సగం తప్పు వాళ్లది కాదు. పొగడ్తలోంచి గాలి తీసేయడం ఎవరికైనా తోస్తుంది, చెడ్డపేరులోంచి కూడా అదే గాలి తీయాలని నాకు తోచలేదు. పదేళ్లవాడికి తోచింది. పిచర్ల కార్డులూ దిద్దాం. రెండో చలికాలం మళ్లీ మొదటినుంచి ఆడితే బిషెట్ నలభైకి ఒకటి రెండు అటూ ఇటుగా వచ్చి నిలబడ్డాడు. ఇంట్లో చిన్న పండగ చేసుకున్నాం.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మైదానం వాటా తీసేయడం నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది, అది కూడా చెప్పాలి.

రాకీస్‌లో లారీ వాకర్ అనే ఆటగాడు ఉండేవాడు. 1997లో తన లీగులో అత్యంత విలువైన ఆటగాడు. ఆయన్ను బేస్‌బాల్ కీర్తి మందిరంలోకి తీసుకోవాలా వద్దా అని ఏటా ఓట్లు పడేవి. నాలుగింట మూడు వంతులు రావాలి, పదేళ్లే గడువు. "డెన్వర్ గాలి బ్యాటర్" అని జనం పక్కన పెట్టేవారు. 2014లో ఆయనకు పడ్డవి పది శాతం మాత్రమే. నేనూ భోజనాల బల్ల దగ్గర అదే మాట అనేవాణ్ణి, గుణకం కనిపెట్టిన పెద్దమనిషిని కదా. మావాడు అప్పటికి హైస్కూలు. ఒకరోజు ఒక కాగితం నా ముందు పెట్టాడు. 1997లో వాకర్ 49 హోమ్ రన్లు కొట్టాడు. సొంత మైదానంలో 20, బయట 29. తన ఆట జీవితం మొత్తంలో కూర్స్ ఫీల్డ్‌లో ఆడింది మూడో వంతు కంటే తక్కువ. "గుణకం మైదానానికి వేశావు నాన్నా. మనిషి లెక్క ఎప్పుడైనా విడిగా చూశావా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మైదానం వాటా ఎంతుందో అంతే తీయాలి. ఎక్కువ తీస్తే అదీ దొంగలెక్కే. 2020 జనవరిలో, పదో ఏట, ఆఖరి అవకాశంలో, 76.6 శాతం ఓట్లతో వాకర్ గట్టెక్కాడు. కావలసిన దానికంటే ఆరు ఓట్లు ఎక్కువ. మావాడు కాలేజీ నుంచి ఫోను చేసి "చూశావా నాన్నా" అని మాత్రం అన్నాడు. నేను "చూశాను" అన్నాను.

ఇక అసలు విషయం. భోజనాల గంట కొట్టేలోపు చెప్పేస్తాను.

మన సంఘం ఏటా చుట్టుపక్కల బడుల్లో పదో తరగతి పాసైన పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. మంచి పని. కిందటేడు ఎంపిక కమిటీలో నేనూ ఉన్నాను, కంప్యూటరు తెర మీద నుంచి. మార్కుల జాబితా ఎక్కువనుంచి తక్కువకు పెట్టి ఒక గీత గీశాం. ఆ గీత పెట్టమన్నది నేనే. గీత కింద రెండు మార్కుల తేడాతో ఒక అమ్మాయి ఆగిపోయింది. ఆ అమ్మాయి చదివిన బడిలో ఆ ఏడాది సగందాకా లెక్కల టీచరు లేరని నాకు ఆ తర్వాత తెలిసింది. గీతకు పైనున్నవాళ్లలో కొందరికి బళ్లో టీచరూ ఉన్నారు, సాయంత్రం ట్యూషనూ ఉంది. వాళ్లు కష్టపడలేదని అనడం లేదు. వాకర్‌కు చేసిన అన్యాయం వాళ్లకు చేయను. కానీ పాచికలాటలో బిషెట్ కోసం రెండు రాత్రులు నిద్ర మానుకున్నవాణ్ణి, ఆ అమ్మాయి మార్కుల వెనక ఏ మైదానముందో చూడటానికి రెండు నిమిషాలు కేటాయించలేకపోయాను. డెన్వర్ పిచర్ల కార్డులు దిద్దడం మళ్లీ మరిచిపోయాను.

అందుకని రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. మొదటిది, మార్కులు చూసేటప్పుడు ఆ పిల్ల తన బడిలో సగటు కంటే ఎంత పైనుందో కూడా పక్కన రాసుకుందాం. ఒక్క ఏడాది సగటు కాదు, మూడేళ్లది. రెండోది మాస్టారి పద్ధతి. పిల్లల్ని బడులు మార్చలేం. కానీ ఒక ఆదివారం గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లందరినీ మన బడికి పిలుద్దాం. వాళ్లలో ఎవరూ ఇంతకుముందు చదవని పాఠం ఒకటి, మన గురువులు ఉదయం చెబుతారు. మధ్యాహ్నం అందరికీ ఒకే భోజనం. సాయంత్రం ఆ పాఠం మీదే పరీక్ష. ఆ ఒక్కరోజు అందరికీ ఒకే మైదానం, ఒకే గాలి, ఒకే పుస్తకం. సగం బరువు మార్కులకు, సగం దీనికి ఇద్దాం. ఒకే సాయం రెండుసార్లు కలిపే పొరపాటు రాకుండా లెక్క నేను చూస్తాను. ఈసారి నా లెక్కను ఇంకొకరు చూడాలి. మావాడు చూస్తానన్నాడు.

ఇది కూడా పూర్తిగా సరైన కొలత కాదని నాకు తెలుసు. పదేళ్లు మంచి బడిలో చదివినవాడు కొత్త పాఠం కూడా త్వరగా పట్టుకుంటాడు. డెన్వర్‌లో ఆడి ఆడి బయటికెళ్లిన బ్యాటర్ల కళ్లకు బంతి తిరగడం కొత్తగా ఉంటుందని అక్కడా అంటారు. మైదానం మనిషి లోపలికి కొంత ఇంకిపోతుంది, దాన్ని పూర్తిగా పిండలేం. కానీ పిండగలిగినంత పిండకపోవడం బద్ధకం. గీత గీసి చేతులు దులుపుకోవడం అంతకంటే పెద్ద బద్ధకం, అది కిందటేడు నేను చేశాను.

నేను ఇక్కడిదాకా రావడంలో నా వాటా ఎంత, ఈ బడి వాటా ఎంత అని ఎప్పుడైనా లెక్క వేద్దామని కూర్చుంటే ఆ భాగహారం నాకు తెగదు. తెగకపోయినా గుణకం ఒకటి కంటే చాలా ఎక్కువని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ గుణకం దొరకని పిల్లల కోసం ఒక్క ఆదివారం ఇవ్వమని గురువులను అడుగుతున్నాను.

మాస్టారూ, మొదటి పాఠం మీరే చెప్పాలి. చెవులు మెలేసే పని కుర్రమాస్టర్లకు అప్పజెబుదాం.

భోజనాలకు లేవండి.